పొగ వస్తోందని ముందెవరు చెప్పాలి?

(నెల్లూరులో బీఈడీ విద్యార్థులు, ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక్క మాట. వెనక వరసల్లో ఉన్నవాళ్ళకి నా మాట వినిపిస్తోందా? లేదా? చేతులూపుతున్నారు. ఆ మైకు కాస్త మార్చండి నాయనా. ఇప్పుడో? సరే.

ఇందాక నాకంటే ముందు మాట్లాడిన మాస్టారు పాతిక నిమిషాలు మాట్లాడారు. ఇదే మైకు. అంటే వెనక నాలుగు వరసలకీ ఆయన మాట ఒక్కటీ అందలేదన్నమాట. మరి ఒక్కరైనా చెయ్యెత్తలేదేం? ఏం జరిగిందో నేను చెప్తాను. మీకు వినపడలేదు. పక్కాయన వైపు చూశారు. ఆయన మొహం నిమ్మళంగా ఉంది, మధ్యమధ్యలో తల కూడా ఊపుతున్నాడు. ఓహో, ఈయనకి వినపడుతున్నట్టుంది, నా చెవుల్లోనే ఏదో తేడా అనుకుని మీరూ తలూపారు. ఆయనా మిమ్మల్ని చూసి అదే అనుకున్నాడు. (నవ్వులు)

పరీక్ష కోసం మీరంతా సైకాలజీ చదివే ఉంటారు. మూర్తిమత్వం అంటే మనిషి తీరు, ప్రేరణ, ఉద్వేగం. నిర్వచనం ఎవరిచ్చారు, ఏ సంవత్సరం, నాలుగు ఆప్షన్లలో ఏది రైటు. డీఎస్సీ కోచింగుల పుణ్యమా అని మన జిల్లాలో మాస్లో అనే అమెరికా సైకాలజిస్టు పేరు వినని ఇల్లు లేదు. ఆ అవసరాల అనుక్రమణిక, అంటే మనిషి అవసరాల్ని మెట్లు మెట్లుగా పేర్చిన పిరమిడ్ బొమ్మ, మీ అందరి నోట్సుల్లో ఉంటుంది కదా, మాస్లో 1943లో రాసిన వ్యాసంలో ఆ బొమ్మే లేదు. సరే, అది వదిలేయండి. నేను ఈ రోజు నిర్వచనాల జోలికి పోను. ఇందాక మీరు పక్కాయన మొహం చూశారే, ఆ చూపు గురించి మాట్లాడతాను. ఏం చెయ్యాలో, ఏమనుకోవాలో, ఆఖరికి మనకి లోపల ఏమనిపిస్తోందో కూడా మనం చాలాసార్లు అక్కడే వెతుక్కుంటాం.

1968లో బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు న్యూయార్కులో ఒక ప్రయోగం చేశారు. కాలేజీ కుర్రాళ్ళని పిలిచి, గదిలో కూర్చోబెట్టి, ఫారం ఇచ్చి నింపమన్నారు. రాస్తూ ఉండగా గోడకున్న చిన్న కంతలోంచి పొగ రావడం మొదలైంది. గదిలో ఒంటరిగా ఉన్నవాళ్ళలో నూటికి 75 మంది లేచి బయటికొచ్చి చెప్పారు. ఇంకొన్నిసార్లు పక్కన మరో ఇద్దర్ని కూర్చోబెట్టారు. పొగ వచ్చినా పట్టించుకోకుండా రాసుకుంటూ ఉండమని ఆ ఇద్దరికీ ముందే చెప్పి పెట్టారు. అప్పుడు పదిమందిలో ఒక్కడు లేచాడు. మిగతా తొమ్మిదిమంది దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ ఫారం నింపారు. తర్వాత అడిగితే ఏసీలోంచి ఆవిరేమో అనుకున్నామన్నారు, పొగమంచేమో అనుకున్నామన్నారు. పక్కవాళ్ళని పెద్దగా గమనించలేదని కూడా అన్నారు. నాకు ఆ ప్రయోగం మొత్తంలో నచ్చేది ఆ చివరి ముక్కే.

ఈ పరిశోధనకి మూలం 1964లో న్యూయార్కులో కిటీ జెనోవీస్ అనే అమ్మాయి హత్య. 38 మంది చూస్తూ ఊరుకున్నారని అప్పట్లో పేపర్లో వచ్చింది. ఆ కథనంలో చాలా అతిశయోక్తి ఉందని 2016లో ఆ పేపరే ఒప్పుకుంది. మీరు క్లాసులో చెప్పేటప్పుడు ఆ 38 అంకె చెప్పకండి.

మన సంగతికి వద్దాం. కొన్నేళ్ళ కిందట, మే నెల. ఆత్మకూరు బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉన్నాను. నా ముందు నాలుగడుగుల దూరంలో ఒకాయన, యాభై ఏళ్ళుంటాయి, స్తంభం పట్టుకుని అట్లాగే కిందకి జారి కూర్చుని, పక్కకి ఒరిగిపోయాడు. చేతిలో సంచి జారింది. నిమ్మకాయలు దొర్లాయి. ముప్పై నలభైమందిమి ఉంటాం. అందరం చూశాం. ఆయన్నీ చూశాం, ఒకరినొకరమూ చూసుకున్నాం. ఎవరి మొహంలోనూ కంగారు లేదు. కాబట్టి కంగారు పడాల్సింది ఏమీ లేదు.

ఒక నిమిషం పైనే గడిచి ఉంటుంది. పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ బుట్ట పక్కకి నెట్టి లేచింది. "ఏందయ్యా, అట్టా చూస్తా నిలబడ్డారు? నువ్వే అబ్బయా, నీలం చొక్కా, నీతోనే. ఆ అంగడి కాడికి పొయ్యి నీళ్ళు పట్టకరా. నువ్వు మే, గళ్ళ చీర, ఆయన తల కింద ఏదన్నా పెట్టు." అంతే. నీలం చొక్కా పరిగెత్తాడు. గళ్ళ చీర తన బ్యాగు తెచ్చి తల కింద పెట్టింది. ఒకాయన పేపరుతో విసరడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన 108కి ఫోన్ చేశాడు. ఇందాకటిదాకా రాళ్ళల్లే నిలబడింది వీళ్ళే. ఆవిడ గొప్పతనం ఏమిటంటే "ఎవరన్నా నీళ్ళు తెండి" అనలేదు. ఎవరన్నా అంటే ఎవరూ రారు. రాజుగారి తొట్టిలో పాలు పొయ్యమంటే ఊరంతా నీళ్ళే పోసిన కథ మీకు తెలుసుగా. రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు తాడు లాగించి, 1913లో ఈ కథనే లెక్కగట్టి ప్రచురించాడు. ఎనిమిదిమంది కలిసి లాగితే, వాళ్ళ విడివిడి బలాల మొత్తంలో సగమే వచ్చింది. పని అందరిదీ అయినప్పుడు ఎవరి చెయ్యీ పూర్తిగా పడదు. ఆవిడ పేరు తెలియకపోయినా చొక్కా రంగు పట్టుకుని పిలిచింది.

ఇంకో ప్రయోగం అమెరికాలో సాలమన్ ఆష్ 1950లలో చేసింది. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు. ఏది దానికి సమానం? మూడో క్లాసు పిల్లవాడు చెప్తాడు. కాని చుట్టూ ఉన్నవాళ్ళంతా ముందే కూడబలుక్కుని తప్పు గీత చూపిస్తారు. అసలు మనిషి వంతు చివర్లో వస్తుంది. అట్లాంటి సందర్భాల్లో మూడోవంతుకు పైగా జవాబులు గుంపుతో పాటే తప్పాయి. ఇది అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. దీని రెండో సగం ఎవరూ చెప్పరు. గుంపులో ఒక్కడు, ఒకే ఒక్కడు సరైన గీత చూపిస్తే చాలు, ఆ తప్పులు నాలుగోవంతుకి పడిపోయాయి.

ఈ రెండో సగం మన జిల్లా ముప్పై ఏళ్ళ కిందటే చేసి చూపించింది. దూబగుంట. కలిగిరి మండలం. ఇక్కడ కూర్చున్న చిన్నవాళ్ళకి పేరు తెలుసు, కథ తెలియదు. 1990ల మొదట్లో సారా ప్యాకెట్లు పల్లెపల్లెకీ వచ్చేవి, మంచినీళ్ళు రాని ఊరికి కూడా. కూలి డబ్బులు సాయంత్రానికి సారా కొట్లో ఉండేవి. ఇంట్లో దెబ్బలు, పస్తులు. ప్రతి ఇల్లాలికీ తెలుసు ఇది తప్పని. కాని ఎవరికి వారు ఇది నా తలరాత, నా మొగుడి బుద్ధి అనుకున్నారు. పక్కింటావిడ మొహం చూస్తే ఆవిడా నోరు మెదపకుండా నీళ్ళు తోడుకుంటోంది. ఇందాక మైకు వినపడనప్పుడు మీరు చేసిన పనే, కాకపోతే ఏళ్ళ తరబడి.

అప్పుడు సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. రాత్రి బడులు. పలకలు. నలుగురు ఆడవాళ్ళు రోజూ ఒకచోట లాంతరు ముందు కూర్చున్నారు. అక్షరాలు ఎంత వచ్చాయో గాని, అక్కడ మాటలు వచ్చాయి. మా ఇంట్లో ఇట్లా, మీ ఇంట్లోనూ ఇట్లాగేనా, అయితే ఇది తలరాత కాదే. దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారు. వాళ్ళు చేసింది అక్షరాస్యత పుస్తకంలో "ఆడవాళ్ళు ఏకమైతే" అని పాఠంగా వచ్చింది. పక్క ఊళ్ళ రాత్రి బడుల్లో ఆ పాఠం చదివారు. వాళ్ళు చెయ్యగా లేనిది మనమెందుకు చెయ్యలేం? 1992లో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్లో మన జిల్లాలో సారా ఆగింది, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. సారా వ్యతిరేక ఉద్యమం గురించి రాజకీయంగా ఎన్నో రాశారు, రాయాల్సిందే. నా చూపు మాత్రం ఆ లాంతరు చుట్టూ కూర్చున్న మొహాల మీదే ఉంటుంది. అంతకుముందు వాళ్ళకి లోకజ్ఞానం లేక కాదు. ఒకరి మనసులో ఏముందో ఇంకొకరికి తెలిసే చోటు లేక.

ఇప్పుడు "మొగుడి బుద్ధి" అన్నాను కదా, మూర్తిమత్వం దగ్గరికి వద్దాం. మనిషిని ఒక్క మాటలో తేల్చెయ్యడం మనకి ఎంత సరదానో. పిసినారి, మొండోడు, గయ్యాళి, నంగనాచి, వాగుడుకాయ, నిదానస్తుడు. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని ఇట్లాంటి మాటలు ఏరితే దాదాపు 18 వేలు తేలాయి. తర్వాతివాళ్ళు వాటిని వడగట్టి వడగట్టి ఐదు గంపల్లో సర్దారు. కొత్తదనం మీద ఆసక్తి, పద్ధతిగా ఉండటం, నలుగురిలో కలవడం, సర్దుకుపోవడం, తొందరగా కలతపడటం. నాకు ఆ ఐదు గంపలతో పేచీ లేదు. మనుషుల మధ్య తేడాలు నిజమే, ఒక మనిషిలో అవి ఏళ్ళ తరబడి చాలావరకు నిలుస్తాయి కూడా. పేచీ ఎక్కడంటే, ఫలానా రోజు ఫలానా చోట ఒక మనిషి చేసిన పనికి మొత్తం ఆ గంపనే కారణం చేస్తామే, అక్కడ.

1973లో డార్లీయే, బాట్సన్ అనే ఇంకొకాయనతో కలిసి, మతగురువులు కావడానికి చదువుతున్న విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశాడు. పక్క భవనంలోకి వెళ్ళి ప్రసంగం చెయ్యమన్నారు. కొందరికిచ్చిన అంశం, దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడికి సాయం చేసిన మంచి సమరయుడి కథ. దారిలో నిజంగానే ఒకడు మూలుగుతూ పడి ఉన్నాడు. తీరిగ్గా వెళ్ళమన్నవాళ్ళలో నూటికి 63 మంది ఆగారు. ఆలస్యమైంది, పరిగెత్తు అన్నవాళ్ళలో పదిమంది ఆగారు. ఏ అంశం మీద మాట్లాడబోతున్నారన్నది పెద్దగా లెక్కకి రాలేదు, ఎంత భక్తులన్నదీ రాలేదు. తొందర ఒక్కటే లెక్కకొచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఆగనివాడు రాతిగుండెవాడా, లేటైనవాడా?

ఈ తప్పు అందరూ ఒకేలా చెయ్యరు. 1984లో జోన్ మిల్లర్ అనే ఆవిడ మైసూరు వాళ్ళనీ అమెరికా వాళ్ళనీ పోల్చి చూసింది. తెలిసినవాళ్ళెవరైనా చేసిన మంచి, చెడ్డ పనులు చెప్పి కారణం చెప్పమంది. చిన్నపిల్లల్లో పెద్ద తేడా లేదు. వయసు పెరిగేకొద్దీ అమెరికావాళ్ళు 'వాడి స్వభావం' అనడం ఎక్కువైంది, మైసూరువాళ్ళు 'వాడి పరిస్థితి' అనడం ఎక్కువైంది. మా అమ్మమ్మ గుర్తొస్తుంది. ఎవరన్నా అప్పు ఎగ్గొట్టినా "పాపం, పొగాకు రేటు పడిపోయింది గదా, వాడు మాత్రం ఏం జేస్తాడు" అనేది. ఒంగోలు వైపు వాళ్ళ ఊరు. మా తరానికొచ్చేసరికి ఆ మాట తగ్గింది. క్లాసులో ఒక పిల్లాడు నిద్రపోతే, స్టాఫ్ రూములో మొదటి మాట "సోమరిపోతు". రాత్రి రెండింటి దాకా రొయ్యల గుంట దగ్గర నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు చూస్తూ నాన్నతో కూర్చున్నాడేమో అని ఎవరూ అడగరు.

ఇక ఉద్వేగం. కోపం, భయం, సంతోషం మనలోంచి పుడతాయనుకుంటాం. సగమే నిజం అన్నాడు స్టాన్లీ షాక్టర్. 1962లో ఆయనా, జెరోమ్ సింగరూ కొందరికి విటమిన్ అని చెప్పి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. ఎందుకో కొందరికి చెప్పారు, కొందరికి చెప్పలేదు. పక్క కుర్చీలో ముందే నేర్పిపెట్టిన మనిషి. ఒకచోట అతను కాగితం విమానాలు ఎగరేస్తూ గంతులేశాడు, ఇంకోచోట చిరాకుపడి ప్రశ్నపత్రం చించేశాడు. ఎందుకు దడ వస్తోందో తెలియనివాళ్ళు పక్కవాణ్ణి చూసి ఒకచోట హుషారయ్యారు, ఒకచోట చిర్రుబుర్రులాడారు. తర్వాత ఇదే ప్రయోగం చేసినవాళ్ళకి ఫలితం ఇంత చక్కగా రాలేదు, అదీ చెప్పాలి. కాని ఒంట్లో దడ ఒకటే ఉన్నా దానికి మనం పెట్టే పేరు మారవచ్చు అన్న మాట మాత్రం నిలిచింది. పరీక్ష ముందు పిల్లవాడు "సార్, టెన్షన్‌గా ఉంది" అంటే మనం "టెన్షన్ పడకు" అంటాం. ఆ మాటతో టెన్షన్ పోయినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. (నవ్వులు) 2014లో ఆలిసన్ బ్రూక్స్ ఇంకోటి చేసి చూసింది. పాట పాడే ముందు, ప్రసంగం చేసే ముందు "నాకు హుషారుగా ఉంది" అని పైకి అనిపించింది. "నెమ్మదిగా ఉన్నాను" అన్నవాళ్ళకంటే వాళ్ళు బాగా చేశారు. దడని ఆపమనలేదు, పేరు మార్చమంది. కబడ్డీ కోర్టులో దిగే ముందు వచ్చేదీ ఆ దడే కదా.

భయం ఒకరి నుంచి ఒకరికి ఎట్లా పోతుందో మన తీరం చూసింది. 2004 డిసెంబరు 26 సునామీ. నాలుగు రోజులకి, డిసెంబరు 30న, మళ్ళీ రావచ్చని ఢిల్లీ నుంచి హెచ్చరిక వచ్చింది. తీరం పొడవునా జనం పరుగు. రాలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు ఫలానా అమావాస్యకి వస్తుందట, ఫలానా టైముకి సముద్రం వెనక్కి పోయిందట అని పుకార్లు. నా అనుభవంలో ఇవి అల వచ్చి ఇళ్ళు పోయిన గుడిసెల్లో కంటే, ఏ నష్టమూ జరగని ఊళ్ళలో ఎక్కువగా వినిపించాయి. నాకప్పుడు జమున ప్రసాద్ గుర్తొచ్చాడు. 1934 జనవరి 15 బీహారు భూకంపం తర్వాత ఆయన పుకార్లు పోగుచేశాడు. గంగలో నీళ్ళు మాయమయ్యాయట, పాట్నాకి పెద్ద తుఫాను వస్తోందట. ఇవన్నీ భూమి కదిలినా ఇళ్ళు కూలని చోట్ల పుట్టినవి. తర్వాత దుర్గానంద సిన్హా డార్జిలింగులో కొండచరియలు విరిగి నిజంగా నాశనమైన చోట చూస్తే ఇట్లాంటి పుకార్లు కనపడలేదు. లియాన్ ఫెస్టింజర్ అనే అమెరికా ఆయన ఈ రెండూ చదివి తలపట్టుకున్నాడు. ఇప్పటికే భయపడి ఉన్నవాడు ఇంకా భయపెట్టే మాట ఎందుకు పుట్టిస్తాడు? ఆయనకి తట్టిందేమిటంటే, వాళ్ళకి భయం వేసేసింది, చుట్టూ చూస్తే ఆ భయానికి తగ్గ కారణం లేదు. లోపలి భయానికి సరిపోయే ప్రమాదాన్ని పుకారు తెచ్చిచ్చింది. మనసులో పొసగని రెండు సంగతులు ఉంటే మనిషి ఊరుకోలేడన్న ఆయన సిద్ధాంతం, 1957లో పుస్తకంగా వచ్చింది, దానికి మొదటి విత్తనం బీహారు నుంచి వెళ్ళింది. మన పాఠ్యపుస్తకాల్లో ఫెస్టింజర్ ఉంటాడు. జమున ప్రసాద్ ఉండడు.

ప్రేరణ మీద రెండు ముక్కలు చెప్పి ఆపేస్తాను, మీకు భోజనాల టైమైంది. మొహర్రం నెలలో మన బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి "ఉద్యోగం రొట్టె... ఉద్యోగం రొట్టె..." అని పిలుస్తుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కోరుకునేవాళ్ళు పుచ్చుకుంటారు. కులం, మతం అడగరు. మా అమ్మాయి కోసం నేనూ చదువు రొట్టె పుచ్చుకున్నాను. ఇంట్లో అత్తగారికి కూడా చెప్పని కోరికని, ముక్కూమొహం తెలియని మనిషి ముందు పైకి చెప్పాలి. అదొక బలం. రెండోది, తీరితే మళ్ళీ రావాలి, ఇంకొకరికి ఇవ్వాలి. అయితే ఒకటి. ఆ నీళ్ళలో మీకు కనపడేది ఇచ్చేవాళ్ళు. తీరనివాళ్ళు ఏమయ్యారు? మళ్ళీ పుచ్చుకునేవాళ్ళలో ఉంటారు, లేదా ఇంట్లో ఉంటారు. నమ్మకాన్ని తక్కువ చెయ్యడం లేదు. ట్రంకు రోడ్డులో ర్యాంకుల ఫ్లెక్సీలు చూసేటప్పుడు ఇదే లెక్క వెయ్యండి అంటున్నాను.

మా అమ్మాయికి చిన్నప్పుడు కథల పుస్తకాలంటే పిచ్చి. అన్నం తింటూ చదివేది, తిట్లు తినేది. వాళ్ళ బడిలో, ఏ బడో చెప్పను, పుస్తకానికో స్టార్ అని పెట్టారు. నెల తిరక్కుండానే అన్నిటికంటే సన్న పుస్తకం ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఏడాది చివర స్టార్లు ఆపేశారు. పుస్తకాలూ ఆగాయి. లెపర్, గ్రీన్, నిస్‌బెట్ 1973లో రంగుపెన్నులంటే ఇష్టమున్న చిన్నపిల్లల మీద ఇదే చూశారు. బొమ్మ వేస్తే బహుమతి అని ముందే చెప్పిన పిల్లలు, ఒకటి రెండు వారాల తర్వాత, మిగతావాళ్ళు ఆ పెన్నులతో గడిపిన సమయంలో సగమే గడిపారు. ముందు చెప్పకుండా తర్వాత బహుమతి ఇచ్చిన పిల్లలకి ఏమీ కాలేదు. బహుమతులు ఇవ్వండి. బేరం పెట్టకండి.

అడగండి, ఏమన్నా ఉంటే. ఎవరూ లేవడం లేదు. అందరూ పక్కకి చూస్తున్నారు. (నవ్వులు) సరే, పూలావిడ పద్ధతి. మూడో వరస, పచ్చ చున్నీ, మీరే అమ్మా, అడగండి.

"సార్, ఆ రోజు బస్టాండులో మీరు ఎందుకు కదల్లేదు? మీకు ఇవన్నీ ముందే తెలుసు కదా."

తెలుసమ్మా. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఇదే పాఠం చెప్తున్నాను. నేను ఒక నిశ్చితార్థానికి పోవాలి, ఆ బస్సు పోతే మళ్ళీ గంట. అది ఒకటి. ఇంకోటి ఇందాక చెప్పలేదు. ఆయన జారిపడగానే నాలో మొదట వచ్చిన మాట "తాగి పడ్డాళ్ళే" అని. మధ్యాహ్నం పన్నెండు గంటలకి, తెల్ల పంచె కట్టుకున్న మనిషిని చూసి. వాసన రాలేదు, ఏమీ లేదు. ఆ మాట అనుకోగానే నాకు నిశ్చింత వచ్చింది, ఇంక కదలాల్సిన పని లేదు. కాస్త తేరుకున్నాక ఆయన అన్న మొదటి మాట "షుగర్". పొద్దున మాత్ర వేసుకుని టిఫిన్ తినకుండా మార్కెట్టుకి వచ్చాడట. అంగడాయన నిమ్మరసంలో పంచదార దండిగా వేసి ఇచ్చాడు.

ఇంకొకటి. ఆయన సంచిలోంచి దొర్లిన నిమ్మకాయల్లో ఒకటి నా చెప్పు దగ్గరికొచ్చి ఆగింది. నేను వంగి దాన్ని తీశాను. తుడిచి, ఆయన సంచి పక్కన పెట్టి, మళ్ళీ నా చోటికొచ్చి నిలబడ్డాను.